లైన్ ట్రాన్స్‌ఫార్మర్: అవసరంగా వచ్చింది, రంగుగా మిగిలింది

1. పరిచయం

ఈ పాఠం మొదలుపెట్టే ముందు వీలైతే ఒక పని చేయండి. మీ ఊళ్లో పెళ్లిళ్లకు, తిరునాళ్లకు మైకు సెట్టు పెట్టేవారి దగ్గరికి వెళ్లి ఆంప్లిఫయర్ వెనుక భాగాన్ని చూపించమని అడగండి. 4, 8, 16 ఓములు అని రాసిన మరలు, వాటి పక్కనే 70 వోల్టులు, 100 వోల్టులు అని రాసిన మరో రెండు మరలు కనిపిస్తాయి. దూరంగా చెట్టుకు కట్టిన హారన్ యూనిట్‌కు ఒక చిన్న ట్రాన్స్‌ఫార్మర్ ఉంటుంది. దాని నుంచి వచ్చే తీగల్లో దేన్ని కలిపితే ఆ హారన్ ఎన్ని వాట్లు తీసుకుంటుందో మైకు సెట్టు కుర్రవాడికి నోటికి వచ్చు. 100 వోల్టుల లైన్ మీద 10 వాట్లు తీసుకోవాలంటే 1,000 ఓములు, 20 వాట్లు తీసుకోవాలంటే 500 ఓములు. పుస్తకం చదవకపోయినా అతడు ఇంపిడెన్స్‌ను మార్చి వాడుకుంటున్నాడు.

తెలుగు భౌతికశాస్త్ర గ్రంథాల్లో ఇంపిడెన్స్‌ను ‘అవరోధం’ అంటారు. ఈ పాఠంలో వాడుకలో ఉన్న ఇంపిడెన్స్ అనే మాటనే వాడుతున్నాం.

ఇదే ట్రాన్స్‌ఫార్మర్ ఇంకోచోట వేరే పని చేస్తోంది. ఈనాటి రికార్డింగ్ స్టూడియోల్లో కొందరు ఇంజినీర్లు లైన్ సిగ్నల్ నడిచే దారిలో, విద్యుత్ పరంగా ఏ అవసరమూ లేకపోయినా, పాత తరహా ట్రాన్స్‌ఫార్మర్‌ను కావాలని పెడుతున్నారు. దాని చుట్టలను స్విచ్‌తో మార్చుతూ ధ్వనికి ‘రంగు’ వస్తోందంటున్నారు. వందేళ్ల క్రితం ఈ రంగును పోగొట్టడానికే ఇంజినీర్లు పాటుపడ్డారు. దోషం అనుకున్నది కోరుకునే గుణంగా ఎలా మారిందన్నదే ఈ పాఠంలోని ప్రశ్న. రుచులు మారాయని ఒక్క మాటతో సరిపెట్టుకోకండి. కారణం చాలావరకు తీగల్లోనే ఉంది.

2. టెలిఫోన్ స్తంభాల కాలం

1831 ఆగస్టులో మైకేల్ ఫారడే ఒక ఇనుప వలయానికి రెండు వైపులా తీగ చుట్టి విద్యుదయస్కాంత ప్రేరణను చూపించిన సంగతి మీరు ఇంటర్మీడియట్‌లోనే చదివారు. ఆ వలయం మాటలు మోసే పనిలోకి వచ్చింది టెలిఫోన్‌తోనే. 1870ల చివర ఎడిసన్ తన కార్బన్ ట్రాన్స్‌మిటర్‌కు ప్రేరణ చుట్టను జతచేశాడు. తక్కువ నిరోధం గల బ్యాటరీ వలయం ఒకవైపు, పొడవాటి లైన్ మరోవైపు ఉంటే, వాటి మధ్య ఈ చుట్ట మధ్యవర్తిగా నిలిచింది.

ఆ రోజుల్లో సిగ్నల్‌ను మధ్యలో పెంచే సాధనం లేదన్న విషయం గుర్తుంచుకోండి. వాల్వులతో పనిచేసే రిపీటర్లు వచ్చాకే 1915 జనవరిలో న్యూయార్క్ నుంచి శాన్‌ఫ్రాన్సిస్కోకు టెలిఫోన్ సంభాషణ సాధ్యమైంది. అప్పటిదాకా ట్రాన్స్‌మిటర్ నుంచి వెలువడిన స్వల్ప శక్తే అవతలి చివర వరకు చేరాలి. ఒక వలయం నుంచి మరో వలయానికి గరిష్ఠ శక్తి అందాలంటే రెండిటి ఇంపిడెన్స్ సమానంగా ఉండాలి. ట్రాన్స్‌ఫార్మర్ ఆ సమానత్వాన్ని తెచ్చిపెడుతుంది. చుట్ల నిష్పత్తి 1:2 అయితే ఇంపిడెన్స్ నిష్పత్తి 1:4 అవుతుంది. నిష్పత్తి వర్గం అవుతుందన్న ఈ సూత్రం ముందు ముందు చాలాసార్లు అవసరపడుతుంది.

600 ఓములు అనే సంఖ్య కూడా ఈ స్తంభాల మీదనే పుట్టింది. స్తంభాల మీద జానెడు, మూరెడు ఎడంతో సాగే రాగి తీగల జతకు ఆ ఎడాన్ని బట్టి, తీగ మందాన్ని బట్టి లెక్క కడితే ఇంపిడెన్స్ 600 ఓములకు అటూ ఇటూగా వస్తుంది. నేలలో వేసే కేబుల్‌కు ఇంకా తక్కువ. రెండు రకాల లైన్లు కలిసేచోట టెలిఫోన్ వారు ‘రిపీటింగ్ కాయిల్’ అనే ట్రాన్స్‌ఫార్మర్ పెట్టేవారు. వెస్టర్న్ ఎలక్ట్రిక్ కంపెనీ తయారుచేసిన 111సి అనే రకం వీటిలో పేరుపొందింది. దానిలోని చుట్టలను బయటి బిళ్లల దగ్గర సిరీస్‌లో కలిపితే 600 ఓములు, సమాంతరంగా కలిపితే 150 ఓములు. మనం చెప్పుకుంటున్న ‘మార్చగలిగే ఇంపిడెన్స్’ ఇదే. ఒకే సరుకును గోదాములో పెట్టుకుని ఏ లైన్‌కైనా సరిపెట్టుకునే సౌలభ్యం కోసం వచ్చిందే తప్ప ధ్వని రంగు గురించి అప్పుడెవరూ ఆలోచించలేదు.

మ్యాచింగ్ ఒక్కటే కాదు, ట్రాన్స్‌ఫార్మర్ ఆ లైన్‌కు ఇంకో మేలు కూడా చేసింది. రెండు చివరల మధ్య నేరుగా తీగ కలయిక లేదు కాబట్టి నేల ద్వారా వచ్చే గురగుర దాటి రాదు. చుట్ట మధ్య నుంచి తీగ తీసి, రెండు జతల తీగల మీద మూడో సంభాషణను కూడా పంపించేవారు. నాలుగు తీగలపై మూడు సంభాషణలు! రాగి ధర తెలిసినవారి తెలివి అది.

3. రేడియోకు అప్పుగా వచ్చిన లైన్

1926 నవంబరులో అమెరికాలో ఎన్.బి.సి. రేడియో నెట్‌వర్క్ మొదలైనప్పుడు కార్యక్రమాలను ఒక ఊరి నుంచి మరో ఊరికి మోసింది టెలిఫోన్ కంపెనీ లైన్లే. కాబట్టి స్టూడియో పరికరాలు కూడా టెలిఫోన్ భాషే నేర్చుకున్నాయి. 1939లో బెల్ ప్రయోగశాల, సి.బి.ఎస్., ఎన్.బి.సి. కలిసి వి.యు. మీటర్‌ను ప్రమాణంగా తీసుకున్నప్పుడు 600 ఓములలో ఒక మిల్లీవాట్‌ను ఆధార స్థాయిగా నిర్ణయించాయి. మీరే లెక్క కట్టి చూడండి: 0.001ని 600తో గుణించి వర్గమూలం తీస్తే 0.775 వోల్టులు వస్తుంది. నేటికీ డిజిటల్ పరికరాల వివరాల పట్టికల్లో ఈ 0.775 కనిపిస్తూనే ఉంటుంది. స్తంభాలు పోయినా వాటి కొలత పోలేదు.

మన దేశంలోనూ స్టూడియో ఒకచోట, ట్రాన్స్‌మిటర్ ఊరి వెలుపల మరోచోట ఉండే ఏర్పాటే సాగింది. 1938 జూన్ 16న మద్రాసులోను, 1948 డిసెంబరు 1న విజయవాడలోను ఆకాశవాణి కేంద్రాలు ప్రారంభమయ్యాయి. రేడియో సెట్టు ముందు కూర్చున్న శ్రోతకు గాయకుడి గొంతు ఒక్క అంగలో చేరినట్టే అనిపించేది. కానీ ఆ తరం ప్రసార వ్యవస్థలో మైకు నుంచి ట్రాన్స్‌మిటర్ దాకా గొంతు దాటవలసిన ఇనుప కోర్లు ఒకటి రెండు కాదు.

4. ఇనుమును మెరుగుపరచడం

అన్నిసార్లు ఇనుము దాటితే మచ్చ పడుతుంది. ఆ మచ్చను తగ్గించడానికి రెండు దారులు ఉండేవి. ఒకటి పెద్ద కోరు వాడడం, రెండోది మంచి లోహం వాడడం. బెల్ సంస్థలో పనిచేసిన గుస్టాఫ్ ఎల్మెన్ 1910ల దశకంలో నికెల్, ఇనుము మిశ్రమాలను పరీక్షించి, నికెల్ సుమారు 78 శాతం ఉన్నప్పుడు అతి స్వల్ప అయస్కాంత బలానికి కూడా లోహం స్పందిస్తుందని కనుగొన్నాడు. దానికి పర్మలాయ్ అని పేరు. 1924లో న్యూయార్క్ నుంచి ఎజోర్స్ దీవులకు వేసిన సముద్రపు తంతి కేబుల్‌లో రాగి చుట్టూ ఈ లోహపు పట్టీని చుట్టారు. 1923లో లండన్‌లో కేబుల్ కంపెనీకి చెందిన స్మిత్, గార్నెట్ మరో మిశ్రమానికి పేటెంట్ తీసుకున్నారు. అదే మ్యూమెటల్. ఆడియో ట్రాన్స్‌ఫార్మర్ల కోర్లకు, వాటిని కప్పే రక్షణ డబ్బాలకు ఇప్పటికీ ఇది వాడుకలో ఉంది.

నికెల్ కోరు చిన్న సిగ్నల్‌ను దాదాపు మచ్చలేకుండా దాటిస్తుంది. కానీ సుమారు 0.8 టెస్లా దగ్గరే సంతృప్తమైపోతుంది. సిలికాన్ ఉక్కు సుమారు 2 టెస్లాల దాకా తట్టుకుంటుంది, కానీ చిన్న సిగ్నల్ దగ్గర కూడా కొంత విరూపణ చూపిస్తుంది. ఒకటి చివరిదాకా శుభ్రంగా ఉండి హఠాత్తుగా చేతులెత్తేస్తుంది, రెండోది మొదటి నుంచీ కొంచెం కొంచెంగా మారుస్తూ పోతుంది. ఈ తేడాను గుర్తుపెట్టుకోండి. రంగు కోరుకునేవారు ఏ కోరు ఎందుకు ఎంచుకుంటారో దీనితో తేలిపోతుంది.

5. స్విచ్ తిప్పితే లోపల ఏం జరుగుతుంది?

ఈ విభాగం మీద ఎక్కువ సమయం పెట్టండి. చరిత్ర పాఠంలో తీగల లెక్క ఎందుకని అనుకోవద్దు. ఇది లేకపోతే తరువాతి కథ కేవలం కబుర్లుగా మిగిలిపోతుంది.

ప్రాథమిక వైపు ఒకేలాంటి రెండు చుట్టలు ఉన్నాయనుకోండి. మొదటి చుట్ట చివరలు క1, క2. రెండో చుట్ట చివరలు గ1, గ2. క2ను గ1తో కలిపి, సిగ్నల్‌ను క1, గ2 మధ్య ఇస్తే సిరీస్. క1ను గ1తో, క2ను గ2తో కలిపితే సమాంతరం. రెండు పోల్‌ల స్విచ్ ఒక్కటి దీనికి చాలు. సిగ్నల్ తీగలు ఎప్పుడూ క1, గ2లకే ఉంటాయి. స్విచ్ మధ్య కాళ్లకు క2, గ1లను ఇస్తారు. ఒకవైపు వేస్తే ఆ రెండూ ఒకదానితో ఒకటి కలుస్తాయి. మరోవైపు వేస్తే క2 వెళ్లి గ2తో, గ1 వెళ్లి క1తో కలుస్తాయి. పాత కలయిక విడిపోయాకే కొత్తది కలిసే రకం స్విచ్ వాడాలి. లేకపోతే మారే క్షణంలో సిగ్నల్ తీగలు రెండూ షార్ట్ అవుతాయి. చుట్టల మొదలు, చివర తారుమారైనా ప్రమాదమే. రెండు చుట్టల అయస్కాంత ప్రభావాలు ఒకదానినొకటి కొట్టేసుకుని, రాగి తీగ నిరోధం మాత్రమే మిగులుతుంది. కొనేటప్పుడు రేఖాచిత్రంలో చుక్కలు ఎక్కడ పెట్టారో చూడమని చెప్పేది అందుకే.

ఇప్పుడు లెక్క చూద్దాం. సిరీస్‌లో ప్రాథమిక ఇండక్టెన్స్ 5 హెన్రీలు అనుకుందాం. సమాంతరంగా మారిస్తే చుట్ల సంఖ్య సగమైనట్టే కాబట్టి అది నాలుగోవంతుకు, అంటే 1.25 హెన్రీలకు పడిపోతుంది. సిగ్నల్ ఇచ్చే పరికరం ఇంపిడెన్స్ 600 ఓములైతే, ద్వితీయ వైపు భారాన్ని పక్కన పెట్టి చూస్తే, మంద్ర స్వరాలు తగ్గడం మొదలయ్యే పౌనఃపున్యం సిరీస్‌లో సుమారు 19 హెర్ట్జ్, సమాంతరంలో సుమారు 76 హెర్ట్జ్. మృదంగం తొప్పి వైపు నాదం, బేస్ గిటారు అడుగు ఇక్కడే ఉంటాయి. అదే ట్రాన్స్‌ఫార్మర్‌కు ఈనాటి 50 ఓముల పరికరం నుంచి సిగ్నల్ ఇస్తే ఆ రెండు సంఖ్యలూ 1.6, 6.4 అవుతాయి. చెవికి తేడా తెలియదు.

రెండో సంగతి అభివాహం. వోల్టేజీ అంతే ఉండగా చుట్ల సంఖ్య సగమైతే కోరులో అయస్కాంత అభివాహం రెట్టింపవుతుంది. పౌనఃపున్యం సగమైనా అంతే. కాబట్టి సంతృప్తం ఎప్పుడూ మంద్ర స్వరాల దగ్గరే ముందుగా కనిపిస్తుంది. 50 హెర్ట్జ్ స్వరం కోరును సంతృప్తం వైపు నెడితే దాని మూడో అనుస్వరం 150 హెర్ట్జ్ పుడుతుంది. చిన్న స్పీకర్ 50 హెర్ట్జ్‌ను పలకలేదు కానీ 150ని పలుకుతుంది. అందుకే శ్రోతకు బేస్ ‘చిక్కబడినట్టు’ అనిపిస్తుంది. తబలా, గొంతు, గిటారుల పై స్వరాలు మాత్రం పెద్దగా చెదరవు. సాధారణ ఆంప్లిఫయర్‌ను అతిగా నడిపితే వచ్చే గరగరకు, దీనికి ఉన్న తేడా ఇదే.

మూడోది, సిగ్నల్ మూలం ఇంపిడెన్స్. కోరు తీసుకునే అయస్కాంతీకరణ ప్రవాహం వంకరగా ఉంటుంది. మూలం ఇంపిడెన్స్ ఎక్కువైతే ఆ వంకర దాని మీదుగా వోల్టేజీగా మారి సిగ్నల్‌లో కలుస్తుంది. తక్కువైతే కలవదు. కాబట్టి రంగు అనేది ట్రాన్స్‌ఫార్మర్‌లో మాత్రమే ఉండదు. ట్రాన్స్‌ఫార్మర్‌కు, దాని ముందున్న పరికరానికి మధ్య ఉంటుంది. పాత 600 ఓముల ప్రపంచంలో వినిపించిన రంగు కోసం పాత ట్రాన్స్‌ఫార్మర్ కొని 50 ఓముల పరికరానికి తగిలించి, ఏమీ మారలేదని నిరాశపడేవారు ఈ సంగతి మరచినవారే. ముందు ఒక నిరోధాన్ని సిరీస్‌లో పెడితే చాలావరకు అది తిరిగి వస్తుంది.

మీ ప్రగతిని సరిచూసుకోండి: 600 ఓముల చుట్టను సమాంతరంగా కలిపితే 150 ఓములు ఎందుకు అవుతుంది? 300 ఎందుకు కాదు? చుట్ల నిష్పత్తి సూత్రంతో మూడు నాలుగు వాక్యాలలో రాయండి.

6. మ్యాచింగ్ పోయింది, స్విచ్ మిగిలింది

స్టూడియో లోపల తీగలు పదుల మీటర్లే. 20 కిలోహెర్ట్జ్ సిగ్నల్‌కు కేబుల్‌లో తరంగదైర్ఘ్యం సుమారు 10 కిలోమీటర్లు. కాబట్టి గది లోపల లైన్ మ్యాచింగ్ అవసరం నిజానికి ఎప్పుడూ లేదు. అలవాటుగా వచ్చింది. పైగా మ్యాచ్ చేస్తే వోల్టేజీ సగమైపోతుంది. అందువల్ల తక్కువ ఇంపిడెన్స్ నుంచి సుమారు 10,000 ఓముల ఇన్‌పుట్‌కు ఇచ్చే ‘బ్రిడ్జింగ్’ పద్ధతి క్రమంగా స్థిరపడింది.

ఇంగ్లండులో రూపర్ట్ నీవ్ 1970లో రూపొందించిన 1073 మాడ్యూల్ ఈ మార్పు మధ్యలో నిలిచింది. లైన్ ఇన్‌పుట్ 10,000 ఓముల బ్రిడ్జింగ్. మైకు ఇన్‌పుట్‌కు మాత్రం 1200, 300 ఓముల స్విచ్. లోపల జరిగేది మనం చూసినదే. ప్రాథమిక చుట్టలు సిరీస్‌లో ఉంటే నిష్పత్తి 1:2, సమాంతరంగా ఉంటే 1:4. అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ గుండా ఏకముఖ ప్రవాహం కూడా నడుస్తుంది కాబట్టి దాని కోరులో సన్నని ఖాళీ ఉంచారు. ఆ ప్రవాహం వల్ల సమ అనుస్వరాలు కూడా కొంత చేరతాయి. వేర్వేరు మైకులకు సరిపడాలనే ఆ స్విచ్ పెట్టారు. ఇంజినీర్లు మాత్రం ఒకే మైకు మీద దాన్ని అటూ ఇటూ వేసి, ఏ స్వరం బాగుందో చెవితో ఎంచుకోవడం అలవాటు చేసుకున్నారు.

నీవ్ తరువాతి కాలంలో స్వయంగా పదేపదే చెప్పిన ఒక సంఘటన ఉంది. లండన్‌లోని ఎయిర్ స్టూడియోస్‌కు (మన ఆకాశవాణి ఆంగ్ల పొడి అక్షరాలకూ దీనికీ సంబంధం లేదు, ఇది బీటిల్స్ నిర్మాత జార్జ్ మార్టిన్ సంస్థ) ఇచ్చిన కన్సోల్‌లో కొన్ని ఛానెళ్లు సరిగా వినిపించడం లేదని ఇంజినీర్ జెఫ్ ఎమెరిక్ పట్టుబట్టాడు. కొలిచి చూస్తే ఆ ఛానెళ్లలో ట్రాన్స్‌ఫార్మర్ ద్వితీయ వైపు ఉండవలసిన భారం లేదు. దానివల్ల 54 కిలోహెర్ట్జ్ దగ్గర 3 డెసిబెల్‌ల ఉబ్బు వచ్చింది. మనిషి చెవి 20 కిలోహెర్ట్జ్ దాటి వినదని పాఠ్యపుస్తకాలన్నీ చెబుతాయి. ఎమెరిక్ నేరుగా ఆ 54ను విన్నాడా, లేక దానివల్ల కింద మరేదైనా మారిందా అన్నది చర్చనీయాంశం. నా ఉద్దేశంలో ఈ కథను అతీత శ్రవణశక్తికి రుజువుగా వాడుకోవడం తొందరపాటు. కానీ ద్వితీయ వైపు భారం ఎంత ముఖ్యమో చెప్పడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ దొరకదు.

1970ల చివర నుంచి తక్కువ రణగొణ గల ఆపరేషనల్ ఆంప్లిఫయర్లు చౌకగా దొరికాయి. బరువు, ధర, విరూపణ మూడూ తగ్గుతాయి కాబట్టి కన్సోల్ తయారీదారులు ట్రాన్స్‌ఫార్మర్లను ఒక్కొక్కటిగా తీసేశారు. అది సరైన నిర్ణయమే. ఆ తరువాత డిజిటల్ రికార్డింగ్ వచ్చి టేపు రంగు కూడా పోయింది. అప్పుడు గానీ పోయినదేమిటో చెవులకు తెలియలేదు. పాత రేడియో కేంద్రాలు తీసిపారేసిన కన్సోళ్ల నుంచి లైన్ ట్రాన్స్‌ఫార్మర్లను విడదీసి అమ్మడం మొదలైంది. న్యూయార్క్‌లోని యునైటెడ్ ట్రాన్స్‌ఫార్మర్ కంపెనీ ఎ-20 రకం అలాంటిది. దానికి రెండు వైపులా 50 నుంచి 600 ఓముల దాకా మార్చుకునే వీలుంది. దానిని డబ్బాలో బిగించి, తిప్పుడు స్విచ్ పెట్టి, లైన్ అవుట్‌పుట్‌కు, ఇన్‌పుట్‌కు మధ్య ఉంచితే గోదాము సౌలభ్యం కోసం పుట్టిన స్విచ్ రంగుల పలక అయింది. నీవ్ కూడా తన చివరి సంస్థలో ‘సిల్క్’ అనే మీటతో ట్రాన్స్‌ఫార్మర్ విరూపణను పెంచుకునే ఏర్పాటు చేశాడు. జీవితమంతా తగ్గించిన దానిని పెంచుకోవడానికి మీట!

7. చరిత్ర విద్యార్థిగా మీరు జాగ్రత్తపడవలసింది

పాత పరికరాల గురించి రాసేవారు ‘వెచ్చదనం’, ‘నిండుతనం’ వంటి మాటలు ఉదారంగా వాడతారు. అమ్మేవారు ఇంకా ఉదారంగా వాడతారు. ఆ మాటలను సాక్ష్యంగా తీసుకునే ముందు ఒక్క విషయం అడగండి: పోల్చినప్పుడు స్థాయి సమానంగా ఉంచారా? 1:2 నుంచి 1:4కు మారిస్తే సిగ్నల్ 6 డెసిబెల్‌లు పెరుగుతుంది. కొంచెం బిగ్గరగా వినిపించేదే చెవికి మంచిదిగా తోస్తుంది. స్విచ్ వేయగానే ‘రంగు వచ్చింది’ అని రాసిన జ్ఞాపకాలలో రంగు ఎంత, బిగ్గర ఎంత అన్నది విడదీయకపోతే మనం రాసేది చరిత్ర కాదు, ప్రకటన. పాత పాట నిండుగా వినిపిస్తే ఆ ఘనత ట్రాన్స్‌ఫార్మర్‌కే ఇవ్వకండి. వాల్వు, టేపు, గది, అన్నిటికంటే పాడిన గొంతు కూడా లెక్కలోకి వస్తాయి.

అభ్యాసం: మీ అధ్యయన కేంద్రంలో 600:600 లైన్ ట్రాన్స్‌ఫార్మర్ ఒకటి దొరికితే, మొబైల్ ఫోన్ నుంచి 50 హెర్ట్జ్, 1,000 హెర్ట్జ్ స్వరాలను ఒక ఆంప్లిఫయర్ ద్వారా దానికి ఇవ్వండి. స్థాయిని కొద్దికొద్దిగా పెంచుతూ ఆసిలోస్కోప్ తెరపై రెండు తరంగాల ఆకారాన్ని గమనించండి. ఏది ముందుగా వంకర పోయిందో, ఏ వోల్టేజీ దగ్గర పోయిందో నోటు పుస్తకంలో గీసుకోండి. తరువాత ప్రాథమిక చుట్టలను సమాంతరంగా మార్చి మళ్లీ చేయండి. రెండు వోల్టేజీల నిష్పత్తి ఎంత వచ్చిందో సంప్రదింపు తరగతికి రాసి తీసుకురండి.